ఆ చివరి అక్షరం హెచ్ కాదు, ఎన్

నేను ఉంటున్న ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, ఒక రైతు కుటుంబం 1940 సెప్టెంబరు నుంచి దాచుకున్న అరచేయంత అల్యూమినియం రేకును నా ముందు పెట్టి, ఇది ఏ విమానానిదో చెప్పగలరా అని అడిగింది. ఇప్పుడైతే సైనిక విమానం కూలిన చోటును తవ్వడానికి 1986 చట్టం ప్రకారం రక్షణ శాఖ అనుమతి తప్పనిసరి. ఇది ఆనాడే ఏరి తెచ్చుకున్న ముక్క.

భాగాల సంఖ్యలు సాధారణంగా విమాన రకంతో మొదలవుతాయి. రేకు మీద 111 కనిపించడంతో అది జర్మన్ హైంకెల్ 111 బాంబర్‌దని ఆ సాయంత్రమే తేలింది. పొరపాటు ఆ తరువాత జరిగింది. రేకుకు అంటుకుని ఉన్న చిన్న పలకపై సంఖ్యను విమానపు కర్మాగార సంఖ్యగా భావించి, జర్మన్ వైమానిక దళ క్వార్టర్‌మాస్టర్ జనరల్ కార్యాలయపు నష్టాల పట్టికల్లో మూడు వారాలు వెతికాను. నిజానికి అది ఆ భాగానికి మాత్రమే చెందిన సంఖ్య. ఇంజను సంఖ్య వేరు, విమానం సంఖ్య వేరు. ఆ రోజుల్లో శిథిలాలను పరిశీలించిన బ్రిటిష్ అధికారులు కూడా కొన్నిసార్లు ఇలాగే పొరబడ్డారు.

దాంతో చోటును, తేదీని పట్టుకుని లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లాను. కూలిన శత్రు విమానాలను పరిశీలించిన ఏ.ఐ.1(జి) విభాగపు నివేదికలో, కాలిపోయిన ఆ విమానంపై గుర్తులు ఏ1 అనీ, చివరి అక్షరం హెచ్ అనీ ఉంది. జర్మన్ విమానాలపై ఉండే శిలువ గుర్తుకు ముందున్న ఏ1 అంటే 53వ బాంబర్ దళం. చివరి అక్షరం అందులోని స్టాఫెల్‌ను, అంటే దళంలోని చిన్న విభాగాన్ని, తెలుపుతుంది, హెచ్ అయితే ఒకటవది. కానీ ఆ రోజు ఒకటవ స్టాఫెల్ నష్టమేదీ జర్మన్ పట్టికలో లేదు. అయిదవ స్టాఫెల్‌ది ఒకటి ఉంది: 100 శాతం నష్టం (అంటే విమానం పూర్తిగా పోయింది), చోటు లండన్ ప్రాంతం, అయిదుగురు సిబ్బందీ గల్లంతు.

నివేదికను మళ్లీ మొదటి నుంచి చదివితే, చివరి అక్షరానికి ముందుండే విమానపు సొంత అక్షరం ఎరుపు రంగులో ఉందన్న ఒక్క మాట దొరికింది. ఒకటవ స్టాఫెల్‌కు తెలుపు, అయిదవదానికి ఎరుపు వాడడం ఆనాటి పద్ధతి. అయిదవ స్టాఫెల్ అక్షరం ఎన్. మసిబారిన లోహం మీద ఎన్‌ను హెచ్‌గా చదవడం ఎంత తేలికో కాగితం మీద రాసుకుని చూస్తే నాకు అర్థమైంది. అయినా రంగు ఒక్కటే చాలదని, ఖైదీలను విచారించిన ఏ.ఐ.1(కె) విభాగపు నివేదికను తెప్పించాను. పట్టుబడిన ఇద్దరి పేర్లూ జర్మన్ పట్టికలోని అయిదుగురిలో ఉన్నాయి. అక్కడితో నా సందేహం తీరింది.

మిగిలిన ముగ్గురూ చనిపోయారు. మొదట ఊరి శ్మశానంలో పూడ్చిన వారిని, యుద్ధానంతరం జర్మన్ మృతుల కోసం ఏర్పాటైన కానక్ చేజ్ శ్మశానవాటికకు తరలించారు. రేకు పక్కన పెట్టే చీటీపై విమానపు అసలు సంఖ్య, తేదీ, స్టాఫెల్ రాసి ఇచ్చాను. ఆ ఇంటి పెద్దావిడ చీటీ చూసి, ముందు ఆ ముగ్గురి పేర్లు రాయమని తిరిగి నా చేతికిచ్చారు.