ట్వీటర్ కండెన్సర్ మార్చే ముందు

మా నాన్నగారు కొన్న స్పీకర్ పెట్టెలు కడపలో మా మేడ గదిలో ఇరవైకి పైగా ఎండాకాలాలను చూశాయి. నిరుడు వేసవిలో, పొద్దున్నే కీర్తనలు పెట్టినప్పుడు, ఒకే గొంతు ఎడమ పెట్టె నుంచి గీరుకుపోయినట్టు, కుడి పెట్టె నుంచి మందంగా వినిపించడం గమనించి, వాటి వెనక పలకలు విప్పి క్రాసోవర్లను, అంటే సన్నని, మందమైన స్వరాలను విడదీసి వేర్వేరు స్పీకర్లకు పంపే పలకలను, బయటకు తీశాను.

గట్టిపడిన జిగురు ముద్దల మధ్య, సన్నని స్వరాలు పలికే ట్వీటర్‌కు సిరీస్‌లో, 6.8 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ ఎలక్ట్రోలైటిక్ (లోపల ద్రవం ఉండే రకం) కెపాసిటర్, అదే కండెన్సర్, ఒకటి ఉంది. దాని తొడుగు ముడుచుకుపోయి అంచుల్లో పగిలింది. ఒక కాలు ఊడదీసి మీటరు పెడితే ఎడమది 8.1, కుడిది 7.4 చూపించాయి. ట్వీటర్‌ను ఎనిమిది ఓమ్‌లుగా లెక్కవేస్తే, దాని వంతు మొదలుకావలసిన చోటు దాదాపు 2,900 హెర్ట్జ్ కాగా, ఎడమ పెట్టెలో అది 2,450 దగ్గరికి దిగిపోయింది. పైగా లోపలి ద్రవం ఎండిపోతూ వచ్చినందువల్ల ఈఎస్ఆర్, అంటే కెపాసిటర్‌లో అంతర్గతంగా ఉండే అడ్డు, కూడా ఒక ఓమ్ దాకా పెరిగింది.

ఖరీదైన కెపాసిటర్ వేస్తే చాలు, పాట మారిపోతుందని చాలామంది చెబుతారు. ధర కన్నా ముందు చూడవలసింది విలువ, రెండు పెట్టెల మధ్య పొంతన, ఈఎస్ఆర్ అని నా గట్టి అభిప్రాయం. నాకు కావలసిన పాలీప్రొపిలీన్ (పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్‌తో చేసే రకం) కెపాసిటర్ ఏడురోడ్ల దగ్గరి దుకాణాల్లో ఆ పేరుతో దొరకలేదు గానీ, సీలింగ్ ఫ్యాన్లకు వేసే కండెన్సర్ కూడా అదే జాతిది. 440 వోల్టుల ఏసీని తట్టుకుంటుంది. వంద వాట్ల ఆంప్లిఫయర్ ఎనిమిది ఓమ్‌ల మీద ఇచ్చే అత్యధిక వోల్టేజీ నలభై మాత్రమే. "ఎన్ని ఫ్యాన్లకన్నా?" అని అడిగిన దుకాణదారుకు సంగతి చెప్పి, ఆయన ఒప్పుకున్న మీదట, 3.15 విలువ గలవి డజను దాకా అక్కడే కొలిచి, జతకుదిరిన నాలుగింటిని ఏరుకున్నాను. రెండేసి పక్కపక్కన సమాంతరంగా కలిపితే 6.3, దానికి 0.47 ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి చేర్చితే 6.77.

బిగించాక మొదటిరోజు తాళాలు మరీ ముందుకు వచ్చి చెవులను పొడిచాయి. దాన్ని కొత్త కెపాసిటర్ నాణ్యతగా పొరబడే ప్రమాదం ఇక్కడే ఉంది. పాతదాని ఈఎస్ఆర్‌లో కొంత, అది కొత్తగా ఉన్నప్పుడు కూడా, ట్వీటర్‌ను అదుపులో ఉంచేది. ఫిల్మ్ కెపాసిటర్‌లో ఆ అడ్డు దాదాపు ఉండదు. అర ఓమ్ సిమెంటు రెసిస్టర్ సిరీస్‌లో వేసి విన్నాను, చాలలేదు. ఒక ఓమ్‌ది వేశాక, సుమారు ఒక డెసిబెల్ తగ్గి, గొంతు రెండు పెట్టెల నడుమకు వచ్చి నిలిచింది.

మందమైన స్వరాలు పలికే వూఫర్ వైపున్న 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్లకు ఫిల్మ్ వెతకలేదు. అంత విలువకు పరిమాణం బాగా పెరిగి ఆ పలక మీద చోటు చాలదు కనుక, కొలిచి తీసుకున్న కొత్త నాన్‌పోలార్ ఎలక్ట్రోలైటిక్‌లనే, కాయిల్‌కు కాస్త ఎడంగా, టై వేసి బిగించాను.