పటం వెనుక రాత

మన బరంపురం బడిలో చదివినవారి ఇళ్లలో పాత పుస్తకాలు దులిపితే ఒక్క పునీతుల (కతోలిక క్రైస్తవులు గౌరవించే పుణ్యాత్ముల) పటమైనా రాలుతుందని నా నమ్మకం. అరచేతిలో ఇమిడే కాగితం. ముందు బొమ్మ, వెనుక ప్రార్థన. బాలయేసును ఎత్తుకుని, లిల్లీ పూలతో పునీత అంతోనివారు. గులాబీలు పట్టుకున్న చిన్న తెరేజమ్మ. అనాథలను అక్కున చేర్చుకున్న విన్సెంట్ డి పాల్. పేరు చూడకుండానే ఎవరో చెప్పేసేవాళ్లం. చదువు రానివారు సైతం పోల్చుకోవాలనే ఆ లిల్లీలు, ఆ గులాబీలు.

ఐరోపాలో చెక్క అచ్చుతో తీసిన పునీత క్రిస్టఫర్ బొమ్మ మీద 1423 అని ఉంది. 19వ శతాబ్దంలో రంగుల రాతి అచ్చు వచ్చాక ఇవి చౌకై పేదల చేతికీ అందాయి. 1922లో విన్సెంటియన్ గురువులు (విన్సెంట్ డి పాల్ సభకు చెందిన ఫాదర్లు) స్పెయిన్ నుంచి కటక్ మిషన్‌కు వచ్చారు. స్పానిష్ ప్రార్థన ఉన్న పటాలు మా పై తరగతి అక్కల దగ్గర చూశాను. పూరీ నుంచి జగన్నాథుడి జాత్రీపట్టి (యాత్రికులు కొనుక్కునే చిన్న బొమ్మ పటం) తెచ్చుకునే మన ప్రాంతానికి ఇదేమీ వింత కాదు.

మాది దేవాంగుల ఇల్లు. మగ్గం పక్క గోడకు చౌడేశ్వరి అమ్మవారి పటం ఉండేది. మా బడి సిస్టర్ నాకు బహుమతిగా ఇచ్చిన పునీత జోజప్ప (యేసును పెంచిన తండ్రి యోసేపు) పటాన్ని నాన్న దాని పక్కనే అంటించారు. "వడ్రంగం చేసి బిడ్డను సాకినాయన, మనవాడే" అన్నారు. 1955లో 12వ పయస్ పోపు మే 1వ తేదీని శ్రామికుడైన జోజప్ప పండుగగా ప్రకటించారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నాన్నకు ఆ ప్రకటన అవసరం పడలేదు.

నా మటుకు నాకు బొమ్మకన్నా వెనుక రాతే విలువైనది. తొలి దివ్యసత్ప్రసాదం (గుడిలో మొదటిసారి పవిత్ర రొట్టె తీసుకునే వేడుక) నాటి పేరు, తేదీ. కొత్త గురువు పట్టాభిషేకం. పోయినవారి ఆత్మశాంతికి ప్రార్థించమనే విన్నపం. నా స్నేహితురాలి అమ్మమ్మ ఏ బంధువు ఎప్పుడు పోయారో చెప్పాలంటే ప్రార్థన పుస్తకం తెరిచి పటాలు తిరగేసేవారు. పెళ్లయి రాయగడకో పర్లాకిమిడికో వెళ్లిన కూతుళ్లకు ఉత్తరంతోపాటు ఒక పటం వెళ్లేది. పదో తరగతి చివర హిందువులం, క్రైస్తవులం అన్న తేడా లేకుండా మేమూ ఇచ్చిపుచ్చుకున్నాం; వెనుక కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో రాశారు.

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వచ్చేటప్పుడు మీ దగ్గరున్నవి తెండి. వాటి వెనుక వైపులు ఫొటోలు తీయిద్దాం. ఆ చేతిరాతలు ఎవరివో గుర్తుపట్టగల సిస్టర్లు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. వారిని అడిగి పేర్లు రాసుకుందాం.