బీరు పక్కన చిల్లీ రొయ్య: డ్రై అంటే డ్రైగానే ఉండాలి

భీమవరం, పాలకొల్లు వైపు ఏ బార్ అండ్ రెస్టారెంట్‌లో కూర్చున్నా మెనూలో సగం చైనీసే. చిల్లీ, మంచూరియా, షెజ్వాన్, ఈ మధ్య థాయ్ కూడా. పేరు ఏదైతేనేం, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి పడకుండా ప్లేటు బయటికి రాదు. అసలు మంచూరియానే 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ మొదలుపెట్టాడంటారు, కాబట్టి అసలుదా నకిలీదా అన్న గొడవ అనవసరం. గొడవ పడాల్సింది చిల్లీ రొయ్య డ్రై అని అడిగినా ప్లేటు అడుగున చేరే నీళ్ళ గురించి.

చెరువు రొయ్య అంటే ఇప్పుడు వనామీ రకమే. స్టఫ్‌కి, అంటే మందు పక్కన నంజుకునే ప్లేటుకి, 50 కౌంట్ సరిపోతుంది, అంటే కిలోకి 50. చవకని 100 కౌంట్ తెస్తే తినేది పిండి తొడుగే. తలకాయా పొట్టూ పోగా చేతికొచ్చేది సుమారు సగం. వెన్నులో నల్ల నరం లాగేసి, కడిగి, బట్టలో పెట్టి తడి పూర్తిగా అద్దాలి. చాలా వంటగదుల్లో ఎగ్గొట్టేది ఈ పనే. తడి మీద పిండి నిలవదు, నూనెలో ఊడిపోతుంది, రొయ్య నగ్నంగా తేలుతుంది.

ఒలిచిన రొయ్య పావుకిలోకి పావు స్పూను ఉప్పు, అర స్పూను మిరియాల పొడి, ఒక స్పూను అల్లం వెల్లుల్లి ముద్ద, సగం గుడ్డు తెల్లసొన, రెండు పెద్ద స్పూన్లు కార్న్‌ఫ్లోర్, ఒక పెద్ద స్పూను మైదా. మైదా ఎక్కువైతే బజ్జీ అయిపోతుంది. పిండి చుక్క వేయగానే పైకి లేచేంత కాగిన నూనెలో రెండు వాయిలుగా, వాయికి నిమిషంన్నర. అంతా ఒకేసారి గుమ్మరిస్తే నూనె చల్లబడి, రొయ్య వేగే బదులు తన నీళ్ళలోనే ఉడుకుతుంది. సగం వంగితే అయిపోయినట్టు. రెండు కొసలూ కలిసేలా చుట్టుకుంటే ఇక నమలడమే.

మధ్యాహ్నమే హాఫ్‌ఫ్రై చేసి ఉంచుకోవడం చికెన్‌కి నడుస్తుంది. రొయ్యకి నడవదు. సాయంత్రం మళ్ళీ వేయిస్తే గట్టిపడుతుంది, పైగా మన గాలిలో తేమకి తొడుగు ముందే మెత్తబడి ఉంటుంది.

టాసింగ్‌కి, అంటే సాస్‌లో ఎగరేయడానికి, చైనీస్ కడాయి పొగలు కక్కాలి. ఒక పెద్ద స్పూను నూనె, సన్నగా తరిగిన వెల్లుల్లి పది రెబ్బలు, నాలుగు పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లి, క్యాప్సికం ముక్కలు: అర నిమిషం. సోయా ఒక స్పూను, గ్రీన్‌చిల్లీ సాస్ రెండు, చిటికెడు పంచదార. సోయాలోనే ఉప్పుంది, మళ్ళీ వేయకండి. మూడు పెద్ద స్పూన్ల నీళ్ళలో అర స్పూను కార్న్‌ఫ్లోర్ కలిపి పోసి, బుడగలొచ్చి చిక్కబడ్డాకే రొయ్యలు వేయాలి. నాలుగైదు సార్లు ఎగరేసి దించేయడమే. వెనిగర్ దించే ముందు అర స్పూను, ముందే పోస్తే ఆ ఘాటు ఆవిరైపోతుంది.

చేప ముక్కలు వేయించి చేసే అపోలో ఫిష్‌కి ఇంత శ్రద్ధ అక్కర్లేదు గానీ చేప ఏదో అడగండి. కొరమీను అయితే ముక్క గట్టిగా, పొరలుగా విడుతుంది. పంగాసియస్, చెరువుల దగ్గర ఫంగస్ అనే రకం, మెత్తగా ఉండి నీళ్ళు వదులుతుంది. అదే వాడితే తడి అద్దడం రెట్టింపు చేయాలి, కొరమీను రేటు మాత్రం వేయకూడదు.

బీరు విషయానికొస్తే, కారం స్టఫ్ పక్కన 8 శాతం దాకా ఆల్కహాల్ ఉండే స్ట్రాంగ్ బీరు కన్నా 5 శాతం లోపు ఉండే మామూలు లాగర్ బీరు మేలు. ఆల్కహాల్, గ్యాస్ రెండూ కారాన్ని ఇంకా మండిస్తాయి. నురగ నిమిషంలో చచ్చిపోతే బీరుని తిట్టకండి, గ్లాసు చూడండి. నూనె ప్లేట్లు కడిగిన నీళ్ళలోనే గ్లాసులు ముంచితే జిడ్డు అంటుకుని నురగ నిలవదు. ఖాళీ గ్లాసులో నీళ్ళు పోసి వంచితే లోపల పొరలా జారాలి. చుక్కలుగా నిలిచాయంటే జిడ్డున్నట్టే, ఇంకో గ్లాసు తెమ్మనండి.