ఆల్ఫా ఆక్టిన్ ఒక్కటే చాలదు

కణాలు నునుపు కండర కణాలుగా మారాయో లేదో చూసే ఇవాళ్టి వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం బట్టి విడదీసి, పొర మీదికి మార్చి, యాంటీబాడీలతో గుర్తించే పరీక్ష) 42 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఆల్ఫా స్మూత్ మజిల్ ఆక్టిన్ బ్యాండ్ నల్లగా, దట్టంగా వచ్చింది. 200 దగ్గర రావాల్సిన మయోసిన్ హెవీ చెయిన్ (ఎంవైహెచ్11) అనే ప్రోటీన్ జాడే లేదు.

అంతమాత్రాన నునుపు కండర కణాలు తయారైపోయాయని అనేయకూడదు. ఆ ఆక్టిన్ కణం పూర్తిగా మారకముందే మొదలవుతుంది, పైగా టీజీఎఫ్ బీటా అనే సంకేత ప్రోటీన్ తగిలితే ఫైబ్రోబ్లాస్టుల్లోనూ (కండరం కాని, సంధాయక కణజాల కణాలు) బాగా పెరుగుతుంది. ఎస్‌ఎం22 ఆల్ఫా, కాల్పోనిన్ అనే మరో రెండు నునుపు కండర ప్రోటీన్లు కనిపించినా నమ్మకం సగమే. ఎంవైహెచ్11 వస్తేనే నాకు మనసు కుదుటపడుతుంది.

అయితే అది లేదని తేల్చే ముందు జెల్ సంగతి చూడండి. 12 శాతం జెల్‌లో అంత పెద్ద ప్రోటీన్ పైనే ఇరుక్కుపోతుంది. దానికి 6 శాతం జెల్ పోసి, 4 డిగ్రీల్లో రాత్రంతా వెట్ ట్రాన్స్‌ఫర్ (ద్రావణంలో ముంచి ప్రోటీన్లను జెల్ నుంచి పొర మీదికి మార్చడం) పెట్టాలి, ఆ ద్రావణంలో మిథనాల్ 10 శాతానికి తగ్గించాలి. ఆక్టిన్‌కి వేరే జెల్. పోల్చి చూసుకోవడానికి పక్క లేన్‌లో, ఈ మయోసిన్ ఖాయంగా ఉండే ఎలుక బృహద్ధమని లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) ఉండి తీరాలి.

లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని లేన్లలో ప్రోటీన్ సమానంగా పడిందో లేదో చూపేది) బీటా ఆక్టిన్ వద్దు, అదీ 42 దగ్గరే పడుతుంది. జీఏపీడీహెచ్ అనే ప్రోటీన్ పెట్టుకోండి.