నక్డోంగ్ నది దాటి వెళ్లిన నాటకకర్త: చో మ్యోంగ్ హీ

నాటకాలు ఆడించే మనిషిని కాబట్టి ఏ రచయిత జీవితం చదివినా మొదట వెతికేది ఒకటే: ఆయన తొలి నాటకం ఎక్కడ ఆడింది, ఎవరు చూశారు? కొరియా రచయిత చో మ్యోంగ్ హీ విషయంలో ఆ జవాబు దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను.

1921 వేసవి. టోక్యోలో కూలీనాలీ చేసుకుంటూ చదువుకునే కొరియా విద్యార్థులకు, అక్కడి కొరియా కూలీలకు కలిపి ఒక సంఘం ఉండేది. దానికో భవనం కట్టుకోవాలి, డబ్బు లేదు. అందుకని విద్యార్థులే ఒక నాటక బృందం కట్టి, సెలవుల్లో సొంతదేశం వచ్చి ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చారు. వాళ్లు ఆడినవాటిలో ఒకటి చో రాసిన 'కిమ్ యోంగిల్ మరణం'. దర్శకుడు కిమ్ ఊ జిన్. ఈయనా నాటకకర్తే. తర్వాత 1926లో, గాయని యూన్ సిమ్ డోక్‌తో కలిసి, జపాన్ నుంచి పూసాన్ వస్తున్న ఓడ మీంచి సముద్రంలో పడి చనిపోయాడు.

కథ చిన్నది. టోక్యోలో పేద విద్యార్థి కిమ్ యోంగిల్‌కి దారిలో ఒక పర్సు దొరుకుతుంది. అది తనలాంటి కొరియా విద్యార్థిదే, కాకపోతే డబ్బున్నవాడిది. తిరిగి ఇచ్చేస్తాడు. అంతలో ఊరి నుంచి తంతి వస్తుంది, అమ్మకు బాగాలేదని. ఇంటికి వెళ్లడానికి దారి ఖర్చులు అప్పు ఇమ్మని ఆ పర్సు యజమానినే అడుగుతాడు. అతను ఇవ్వడు. మాటామాటా పెరిగి కొట్లాట అవుతుంది, పోలీసులు వస్తారు. స్నేహితుడి దగ్గర ప్రభుత్వ వ్యతిరేక కరపత్రం దొరకడంతో వ్యవహారం లాకప్ దాకా పోతుంది. బయటికొచ్చిన యోంగిల్ న్యుమోనియాతో చనిపోతాడు.

1910 నుంచి కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. 1919 మార్చి 1 స్వాతంత్ర్య ఉద్యమాన్ని అణిచేసి రెండేళ్లే అయింది. చో కూడా ఆ ఉద్యమంలో అరెస్టయినవాడే. అలాంటి మనిషి నాటకం రాస్తే పోలీసు దుర్మార్గం మీదే రాస్తాడనుకుంటాం. ఇక్కడ పోలీసు చివర్లో గానీ రాడు. యోంగిల్‌ని ముందు చంపింది సొంత దేశంవాడి డబ్బు సంచి. ఇరవై ఏడేళ్ల వయసులో, తొలి నాటకంలోనే, తనవాళ్లకు ఆ అద్దం చూపించడానికి ఎంత గుండె ఉండాలి! నాకు ఆయన మీద గౌరవం అక్కడే మొదలైంది.

పుట్టింది 1894లో, ఉత్తర చుంగ్‌చోంగ్ రాష్ట్రంలోని జిన్‌చోన్‌లో. సియోల్‌లో చదువుతూ బీజింగ్ సైనిక పాఠశాలలో చేరాలని పారిపోయి దారిలోనే దొరికిపోయాడు. తర్వాత టోక్యోలో టోయో విశ్వవిద్యాలయం. 1923లో డబ్బు లేక తిరిగొచ్చాడు. మరుసటి ఏడే కవితా సంపుటి 'వసంతపు పచ్చిక మీద' వచ్చింది. కొరియా ఆధునిక కవిత్వంలో బాగా తొలినాళ్ల పుస్తకాల్లో అదొకటి.

ఆ కవితల మీద మన ఠాగూర్ నీడ ఉంది. చో కొన్నాళ్లు ఆయన మత్తులోనే గడిపాడు. తర్వాత ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో, ఠాగూర్ దారా, శ్రామికుల కథలు రాసిన రష్యన్ రచయిత గోర్కీ దారా అని తనతో తాను పోట్లాడుకుని గోర్కీ వైపు తిరిగాడు. ఆ సంగతి తనే 1927లో రాసుకున్నాడు. ఇది చదువుతుంటే తెలుగువాళ్లకు శ్రీశ్రీ గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? ఆయన తొలినాళ్ల భావకవితల పుస్తకం 'ప్రభవ' 1928లో వచ్చింది. భావకవిత్వపు తోటలోంచి రోడ్డు మీదికి రావడం అక్కడా ఇక్కడా కొన్నేళ్ల తేడాతో జరిగింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే బెంగాలీ కవిని దాటుకుని. ఈ ఒక్క విషయం మీద ఎవరైనా కుదురుగా పరిశోధన చేస్తే బాగుండునని నా కోరిక.

1925లో శ్రామికవర్గ రచయితలు, కళాకారుల సమాఖ్య కాప్ఫ్ ఏర్పడింది. అందులో చేరాడు. 1927లో రాసిన 'నక్డోంగ్ నది' ఆయన కథల్లో అందరికీ తెలిసింది. నది ఒడ్డున తరతరాలుగా రెల్లు కోసుకుని బతికిన జనానికి ఆ రెల్లుభూమి మీద హక్కు పోతుంది. ఊరికోసం పోరాడిన పార్క్ సోంగ్ ఉన్ జైలు నుంచి జబ్బుతో తిరిగొచ్చి చనిపోతాడు. అతన్ని ప్రేమించిన రోజా పశువుల్ని కోసే బెక్‌జోంగ్ కులం పిల్ల. కొరియాలో అంటరానివాళ్లుగా చూసిన కులం అది. సమానత్వం కోసం వాళ్లు 1923లో సొంత ఉద్యమమే కట్టారు. చదువుకుని టీచరైన రోజా ఆ పని వదిలి, చివరికి అతను నడిచిన దారినే ఉత్తరానికి రైలెక్కుతుంది. కథ మధ్యలో ఉపన్యాసం పాలు ఎక్కువే, దాచను. కానీ నది, రెల్లు, పడవ, పాట ఉన్న పేజీల్లో ఆయన కవి అని మళ్లీ గుర్తొస్తుంది.

ఆ మరుసటి ఏడు, 1928లో, ఆయనే సరిహద్దు దాటాడు. భార్యాబిడ్డల్ని కొరియాలో వదిలి సోవియట్ దూరప్రాచ్యానికి వెళ్లిపోయాడు. ఆ ఇల్లాలి గురించి ఎక్కడా రెండు వాక్యాలు మించి కనపడవు. పెద్ద మనుషుల జీవిత చరిత్రల్లో ఇది నన్నెప్పుడూ బాధపెడుతుంది.

వ్లాదివోస్తోక్ చుట్టుపక్కల అప్పటికే లక్షకు పైగా కొరియన్లు ఉన్నారు. అరవైల నాటి కరువుల్లో, అంటే 1860ల్లో, దాటి వచ్చిన రైతులు, వాళ్ల పిల్లలు, జపాన్ నుంచి తప్పించుకొచ్చిన తిరుగుబాటుదారులు. వాళ్లకు 'సోన్‌బోంగ్' అనే సొంత పత్రిక ఉంది. చో వచ్చీ రాగానే 'తొక్కేసిన కొర్యో' (కొర్యో అంటే కొరియాకు పాత పేరు) అనే వచన కవిత రాశాడు. సరిహద్దుకి ఈవల కూర్చుని, ఆవల రాయడానికి వీల్లేనిదంతా అందులో గట్టిగా చెప్పేశాడు. అక్కడి పిల్లలు దాన్ని కంఠతా పట్టారు.

తర్వాత ఆయన చేసింది బడిపంతులు పని. మొదట ఒక కొరియన్ పల్లెలో రైతుబిడ్డల బడి, ఆ పైన ఉస్సూరిస్క్‌లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల. పాఠం చెప్పాడు, పిల్లల కవితలు దిద్దాడు, పత్రికలకు పంపాడు. సోవియట్ దేశంలో కొరియన్ సాహిత్యానికి ఆయన్ని తండ్రి అంటారు. ఆ మాట ఆయన పుస్తకాల కన్నా ఈ దిద్దుబాట్ల వల్లే నిలిచిందని నా నమ్మకం. 1934లో సోవియట్ నవలాకారుడు ఫదేయెవ్ సిఫారసుతో సోవియట్ రచయితల సంఘంలో సభ్యుడయ్యాడు. అక్కడే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు.

1937 ఆగస్టు 21న స్టాలిన్, మొలొతోవ్ సంతకాలతో ఒక ఉత్తర్వు వచ్చింది: సరిహద్దు జిల్లాల్లోని కొరియన్లందర్నీ మధ్య ఆసియాకు తరలించాలని. జపాన్ గూఢచారులు చొరబడకుండా అన్నది చెప్పిన కారణం. దాదాపు 1,72,000 మందిని సరుకు రవాణా పెట్టెల్లో ఎక్కించి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు పంపారు. ఆ సెప్టెంబరులోనే చోని అరెస్టు చేశారు. నేరం జపాన్ గూఢచర్యం. జపాన్ జైలు చూసినవాడి మీద, జపాన్ పాలన భరించలేకే దేశం వదిలినవాడి మీద! 1938 మే 11న ఖబరోవ్‌స్క్‌లో కాల్చి చంపారు. చాలాకాలం పాత పుస్తకాల్లో మరణం 1942 అని ఉండేది. మంచూరియా గెరిల్లాల మీద రాస్తున్న పెద్ద నవల రాతప్రతి కూడా పోయింది. కుటుంబం మిగతావాళ్లలాగే మధ్య ఆసియాకు చేరింది.

ఆ తరం మీద పడ్డ దెబ్బ ఒక్కరిది కాదు. కాంగ్ తే సు అనే యువకవి వదిలొచ్చిన నేల మీద బెంగతో ఒక కవిత రాసినందుకు 1938లో అరెస్టయి, ఇరవై ఏళ్లకు పైగా రష్యా ఉత్తర ప్రాంతంలోనే ఉండిపోయాడు.

రంగస్థలం మాత్రం చావలేదు. వ్లాదివోస్తోక్‌లో 1932లో పెట్టిన కొరియన్ నాటకశాల కూడా ఆ రైళ్లలోనే కజకిస్తాన్‌లోని కిజిలోర్దా చేరింది. జపాన్ సైన్యాన్ని ఓడించిన సేనాని హోంగ్ బోమ్ దో ముసలితనంలో ఆ నాటకశాలకు కాపలాదారుగా పనిచేశాడు. ఆయన బతికుండగానే, 1942లో, ఆయన మీదే నాటకం కట్టి ఆయన ముందే ఆడారు. నాటకశాల ఇప్పుడు అల్మాటీలో ఉంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

1956లో చోపై పెట్టిన నేరం తప్పని తేల్చారు. 1959లో ఆయన రచనల సంకలనం మాస్కోలో కొరియన్‌లోనే వచ్చింది. దక్షిణ కొరియాలో మాత్రం 1988 దాకా ఆయన పుస్తకాల మీద నిషేధమే. ఉత్తరానికో సోవియట్ వైపుకో పోయిన రచయితలందరిదీ అదే గతి. ఇప్పుడు జిన్‌చోన్‌లో ఆయన పేరిట సాహిత్య భవనం ఉంది.

చదవాలనుకునేవాళ్లు 'నక్డోంగ్ నది'తో మొదలుపెట్టండి, దానికి ఇంగ్లీషు అనువాదం ఉంది. మధ్యలో ఉపన్యాసాలు అడ్డొస్తే ఆగిపోకండి, రోజా తన తల్లిదండ్రులతో గొడవపడే భాగం వరకైనా వెళ్లండి. కూతురు టీచరైందని, ఇక తమ బతుకులు మారతాయని మురిసిపోయిన ఆ ముసలివాళ్ల మాటలు మీకు పరాయివిగా అనిపించవు.