సిల్వర్ అనే ఇంటిపేరు వెనక: ఇప్పటిదాకా తేలినవి

మా ఆయన వాళ్లది న్యూయార్క్ యూదు కుటుంబం. అత్తగారి పుట్టింటి పేరు సిల్వర్. ఆవిడ తాతగారు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆస్ట్రియా నుంచి వచ్చారనీ, న్యూయార్క్ రేవులో వలసొచ్చినవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో గుమస్తా ఎవరో ఆయన పేరు మార్చి రాసేశాడనీ ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. ఏ ఊరి నుంచి వచ్చారో మాత్రం ఎవరికీ తెలియదు. నా వైపు పెద్దల పేర్లు, ఊళ్లు మా పెదనాన్న నోట్‌బుక్కులో రాసిపెట్టారు. పిల్లలకి అటువైపు కూడా ఒక ఊరు చూపించాలని నా పట్టుదల.

పేరుకి అర్థం తెలిస్తే మూలం దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని పేర్లకి అది నిజమే. మన ఇంటిపేర్లలో ఊళ్లున్నట్టే బ్రోడీ ఊరి నుంచి బ్రోడ్‌స్కీ వచ్చింది. కానీ సిల్వర్, సిల్బర్ (రెండిటికీ వెండి అనే అర్థం) లాంటివి ఏ ఊళ్లోనైనా పుట్టగలవు. రెండో జోసెఫ్ చక్రవర్తి 1787లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, 1788 జనవరి 1 నుంచి ఆస్ట్రియాలో యూదులంతా స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాల్సి వచ్చింది. అంతకుముందు ఎక్కువమందికి ‘ఫలానావారి కొడుకు’ అన్న వాడుకే. అందుకని ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలకి చుట్టరికం ఉండాలనేం లేదు. పేరు పక్కన పెట్టి, మనిషి ఎక్కడెక్కడ కాగితాల్లోకి ఎక్కాడో చూసుకుంటూ పోవాలి.

గుమస్తా కథ తేల్చడం తేలికే. ఎల్లిస్ ఐలాండ్‌లో ఎవరి పేరూ కొత్తగా రాసుకునేవారు కాదు. బయల్దేరిన రేవులోనే ఓడ కంపెనీ తయారుచేసిన జాబితా ముందు పెట్టుకుని ఇన్స్పెక్టర్లు ప్రశ్నలు అడిగేవారు. తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్ వచ్చిన దుబాసీలూ అక్కడ ఉండేవారు. పేర్లు మారింది ఎక్కువగా ఆ తర్వాతే: బళ్లో, పనిచోట, కోర్టులో. అందుకే ఓడ జాబితాకన్నా ముందు పౌరసత్వం కాగితాలు వెతకమంటాను. 1906 సెప్టెంబరు 27 తర్వాతవైతే పుట్టిన ఊరు, ఓడ, వచ్చిన తేదీ అన్నీ ఉంటాయి. అంతకుముందువాటిలో చాలావరకు దేశం పేరుతో సరి.

తాతగారి పౌరసత్వం పిటిషన్ 1928 నాటిది. పుట్టిన ఊరు కొలోమెయా, హాంబర్గ్ నుంచి రాక 1911, వచ్చినప్పటి పేరు సిల్బర్. పేరు సిల్వర్‌గా మార్చమని ఆయనే కోరారు, కోర్టు సరేనంది. అదే రోజు, అదే కాగితం మీద. అందులో దేశం పోలండ్ అని ఉంది. ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు ఆస్ట్రియా పాలనలోని గలీషియాలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది.

ఓడ జాబితాలో సిల్బర్ అని కొడితే మన మనిషి రాలేదు. ఇక్కడ సౌండెక్స్ గురించి చెప్పాలి, అంటే ఒకేలా వినిపించే పేర్లకి ఒకే కోడ్ ఇచ్చే పద్ధతి. అమెరికన్ సౌండెక్స్ మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది. సిల్వర్, సిల్బర్ రెండూ ఎస్416, జిల్బర్ మాత్రం జడ్416. అంటే జడ్‌తో రాసిన మనిషి ఎప్పటికీ కనబడడు. తూర్పు యూరప్ యూదుల పేర్ల కోసం 1985లో తయారుచేసిన డైచ్-మొకోటాఫ్ పద్ధతిలో మొదటి అక్షరానికీ అంకె ఉంటుంది, మూడింటికీ 487900 వస్తుంది. స్టీఫెన్ మోర్స్ నడిపే వన్‌స్టెప్ అనే సైట్‌లో ఓడ జాబితాలని ఈ పద్ధతితో వెతకొచ్చు. (ఇంటెల్ 8086 చిప్ రూపకల్పన చేసినదీ ఈయనే. ఈ రంగానికి ఆయన చేసిన మేలు ఇంతా అంతా కాదు.) తాతగారు జిల్బర్ పేరుతో దొరికారు.

ఆయనే అని ఎలా నమ్మడం? జాబితాలో వృత్తి గడి చూడండి. ‘టైలర్’ అన్న మాట మీద తర్వాతెవరో వేసిన అంకెలు, పక్కనే ఒక తేదీ ఉన్నాయి. పౌరసత్వం కోసం రాక ధ్రువపత్రం అడిగినప్పుడు గుమస్తాలు పాత జాబితా తీసి వేసిన గుర్తులవి. తేదీ ఆయన పిటిషన్‌కి కొద్దిగా ముందుది. మిగతా గళ్లు కూడా తప్పకుండా చదవండి. 1907 చట్టం తర్వాతి జాబితాల్లో స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, ఊరు మొదటి పేజీలోనే ఉంటాయి. మాకు కీలకం అక్కడే దొరికింది. బంధువు: తండ్రి. ఇంటిపేరు: లాండౌ.

కొడుకు జిల్బర్, తండ్రి లాండౌ. తాతగారి సమాధి రాయి మీద హీబ్రూలో తండ్రి పేరుంది, జాబితాలోని పేరుతో సరిపోయింది. రాయి చదివేవాళ్లకి ఒక చిట్కా: సంవత్సరం అక్షరాల్లో ఉంటుంది. తావ్ 400, షిన్ 300, యోద్ 10, బేత్ 2, మొత్తం 712. దానికి 1240 కలిపితే 1952. హీబ్రూ ఏడాది శరత్తులో మొదలవుతుంది కాబట్టి తొలి నెలలైతే ఒకటి తగ్గించాలి.

చిక్కుముడి కొలోమెయా జనన రిజిస్టర్‌లో విడింది. జేఆర్ఐ-పోలండ్, గెషర్ గలీషియా అనే సంస్థలు అక్కడి యూదుల రికార్డులకి తయారుచేసిన సూచికల్లో పేరు పట్టుకుని, వార్సాలోని ఏజీఏడీ అనే ప్రభుత్వ పత్రాగారం స్కాన్లకి వెళ్లాను. సూచికతో ఆగిపోకండి, అసలు పేజీలోని గళ్లన్నీ చదవాలి. సక్రమమా అక్రమమా అనే గడిలో ‘అక్రమం’. ఇంటిపేరు తల్లిది. చివరి గడిలో, సాక్షుల ఎదుట తండ్రినని ఒప్పుకుంటూ లాండౌ సంతకం.

ఆ గడి అత్తగారికి చదివి వినిపిస్తే ఆవిడ ముఖం పాలిపోయింది. నిజానికి ఇందులో తలదించుకోవాల్సిందేమీ లేదు. వాళ్లకి మతం ప్రకారం పెళ్లి జరిగే ఉంటుంది. గలీషియాలో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేని పెళ్లిని చట్టం ఒప్పుకునేది కాదు, పిల్లలకి తల్లి ఇంటిపేరే రాసేవారు. ఎన్నో కుటుంబాలది ఇదే పరిస్థితి. అక్కడి పత్రాల్లో రెండు ఇంటిపేర్ల మధ్య ‘రెక్టే’ (సరిగ్గా), ‘ఫాల్సో’ (తప్పుగా) అన్న లాటిన్ మాటలు కనిపిస్తే ఇలాంటి సంగతే అయి ఉండొచ్చు. గలీషియా వాళ్ల కోసం వెతికేటప్పుడు తల్లి పేరుతో, తండ్రి పేరుతో రెండుసార్లూ వెతకండి.

అంటే సిల్వర్ అన్నది తాతగారి అమ్మ వైపు పేరు. ఆవిడకి కూడా తన అమ్మ పేరే వచ్చి ఉండొచ్చు. జనన పేజీలో ఇంటి నంబరు, ఆవిడ తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయి. ఇప్పుడు అదే ఇంటి నంబరుతో అటూ ఇటూ ఏళ్ల పుట్టుకలు జల్లెడ పడుతున్నాను, సిల్బర్ కింద ఒకసారి, లాండౌ కింద ఒకసారి. ఇద్దరూ ఆ తర్వాత ఎప్పుడైనా పెళ్లి రిజిస్టర్ చేయించుకున్నారేమో అని పెళ్లిళ్ల పుస్తకాలు కూడా తీశాను. ఇందుకోసం పోలిష్ చేతిరాత చదవడం నేర్చుకుంటున్నాను.