ఒక వత్తు, ఒక స్వరం
ల్యాబ్ రికార్డు రాయవలసిన నిన్నటి రాత్రినంతా నా సొంత వెబ్‌సైటులోని ఒక్క పేజీకే ధారపోశాను. ఈ సెమిస్టరులో విన్న రాగాల జాబితా అది. ‘హంసధ్వని’ అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టగానే ధకారం కింది వత్తు సగానికి తెగిపోయి కనిపించింది. ఫాంటు మార్చాను, బ్రౌజరు మార్చాను, రూమ్మేటు ఫోనులోనూ తెరిచి చూశాను. చివరికి తేలిందేమిటంటే, ఇంగ్లీషుకు సరిపోయే 1.2 లైన్ హైటు, అంటే అక్షరాల సైజుకు 1.2 రెట్లుండే వరుస ఎత్తు, మన వత్తులకు చాలదు, పైగా పెట్టె దాటినదాన్ని కత్తిరించమని ఓవర్‌ఫ్లో హిడెన్ రాసిపెట్టింది నేనే. లైన్ హైటును 1.8 చేశాక వత్తు నిండుగా దిగింది.

నేను సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మెస్సుకు వెళ్ళే దారిలో ఇయర్‌ఫోన్లలో విన్నదే నా చదువు. మోహన, హంసధ్వని రెండూ ఐదు స్వరాల రాగాలే. స, రి, గ, ప రెండింటిలోనూ ఒకటే. ఆపైన మోహనలో ధైవతం (ధ) వస్తే, హంసధ్వనిలో నిషాదం (ని) వస్తుంది. ఆ ఒక్క స్వరం తేడాతోనే మోహన నాకు సాయంత్రపు నడకలా, హంసధ్వని ఏదో మొదలుకాబోతున్నట్టుగా వినిపిస్తాయి. కచేరీలను తరచుగా హంసధ్వనితో ఎందుకు ఆరంభిస్తారో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

రికార్డులో మాత్రం ఇంకా ఆరు ప్రయోగాలు బాకీ ఉన్నాయి.